ఉప్పు కోసం వచ్చిన పిల్ల

నల్లగొండలో నెలకో ఆదివారం ఒకరి ఇంటి మేడ మీద పది పన్నెండు మందిమి చేరి పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. పెద్ద సంఘమేం కాదు. దానికో పేరు కూడా లేదు. వేయించిన పల్లీలు, చాయ్, కాసిన్ని మాటలు, అంతే. వచ్చేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళం. మాట్లాడేవాళ్ళలో సగానికి పైగా మగవాళ్ళు. (ఇది ఎక్కడైనా ఉన్నదే, ఇప్పుడు దాని జోలికి పోను.)

మొన్నటి సమావేశంలో ఒక జపాను నవల గురించి చర్చ. ఓఓకా షోహెయ్ 1951లో రాసిన 'నోబి'. చేలల్లో మంటలు అని ఆ మాటకు అర్థం. 1957లో ఇంగ్లీషులోకి వచ్చింది. యుద్ధంలో ఓడిపోతున్న సైన్యంలో, ఫిలిప్పీన్స్ దేశపు లేతే దీవి అడవుల్లో, తమూరా అనే సిపాయి ఆకలితో తిరగడమే కథ. అతనికి క్షయ. పని చేయలేని నోటికి తిండి దండగని దళంవాళ్ళు గుప్పెడు దుంపలిచ్చి పంపేస్తారు. ఆస్పత్రికి పోతే తిండి తెచ్చుకోనివాణ్ణి చేర్చుకోం పొమ్మంటారు. ఇక మిగిలింది అడవి. చివరికి తోటి సిపాయిలు ఒకరినొకరు చంపుకుని తినే స్థితి వస్తుంది. ఆ మాంసానికి 'కోతి మాంసం' అని పేరు పెట్టుకుంటారు. ఓఓకా స్వయంగా ఫిలిప్పీన్స్‌లో సిపాయిగా ఉండి, 1945 జనవరిలో అమెరికా వాళ్ళకు పట్టుబడినవాడు. అడవి, జ్వరం, ఓటమి ఆయనకు పుస్తకంలో చదివిన విషయాలు కావు.

చర్చ మహా గొప్పగా సాగింది. ఒకాయన ఆకలి గురించి చెప్పారు. ఒకాయన దేవుడి గురించి. శవం మాంసం కోయబోయిన తమూరా కుడిచేతిని అతని ఎడమచెయ్యే పట్టుకుని ఆపే ఘట్టం ఉందే, దాని మీద ఇంకొకాయన ఇరవై నిమిషాలు మాట్లాడారు. శత్రువు వైపునుంచి కూడా కథ వినడమే నాగరికత అని అందరూ ఒప్పుకున్నారు. నేనూ తల ఊపాను. చిన్నప్పటినుంచీ చూసిన ఇంగ్లీషు యుద్ధం సినిమాల్లో జపానువాడంటే పళ్ళికిలించే రాక్షసుడే కదా! వాడికీ ఆకలి వేస్తుందని, వాడూ అమ్మను తలచుకుంటాడని తెలియడం మంచిదే.

అప్పుడు నేనో ప్రశ్న అడిగాను. "మరి ఆ ఉప్పు కోసం వచ్చిన పిల్ల సంగతేమిటి?"

ఎవరికీ వెంటనే గుర్తుకు రాలేదు.

నవల మధ్యలో తమూరా సముద్రపు ఒడ్డున ఒక పాడుబడ్డ ఊరికి వస్తాడు. జనం పారిపోయిన ఊరు. అక్కడొక చర్చి. అతను ఊళ్ళో ఉండగా పడవ మీద ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వస్తారు. ఆ ఊరివాళ్ళే. ఇతన్ని చూసి ఆ పిల్ల కేక పెడుతుంది. ఇతను కాలుస్తాడు. పిల్ల చచ్చిపోతుంది, అబ్బాయి పడవ దగ్గరికి పరుగెత్తి తప్పించుకుంటాడు. వాళ్ళు ఎందుకు వచ్చారా అని వెదికితే నేల పలకల కింద దాచిపెట్టిన ఉప్పు కనిపిస్తుంది. అతను ఆ ఉప్పు మూట కట్టుకుని పోతాడు. ఆ తర్వాత తోటి సిపాయిలు అతన్ని తమలో కలుపుకున్నారంటే ఆ ఉప్పు వల్లనే!

నేనిదంతా చెబితే, సభలో పెద్దాయన, రిటైరైన లెక్చరర్ గారు, చిరునవ్వు నవ్వి అన్నారు: "అమ్మా, ఆ అమ్మాయి ఒక సంకేతం. అతని పాపానికి సంకేతం."

నాకు ఒళ్ళు మండింది. నాకు తెలీక అడుగుతాను, సంకేతానికి ఉప్పెందుకండీ?

ఉప్పు కావలసింది ఇల్లున్న మనిషికి. పొయ్యి ఉన్న మనిషికి. ఎక్కడో కొండల్లో దాక్కున్న చోట ఆ పిల్ల తల్లి కుండలో ఏవో దుంపలు ఉడకేసి, "అమ్మాయ్, ఉప్పు అయిపోయింది, చర్చిలో దాచింది తీసుకురా" అని పంపి ఉంటుంది. ఇది నవల్లో లేదు. నవల్లో లేదనే నా గోల.

ఇక్కడ ఓఓకాను తిడుతున్నానని అనుకోకండి. ఆయన చాలామంది కంటే నిజాయితీపరుడు. తమూరా ఆ హత్యను దాచడు, 'యుద్ధంలో ఇవన్నీ మామూలే' అని తప్పించుకోడు. తుపాకీ తీసి నీళ్ళలో పారేస్తాడు. చివరికి పిచ్చాసుపత్రిలో కూర్చుని ఇదంతా రాస్తాడు. రాసినవాడికి ఆ పిల్ల గుర్తుంది. చదివిన మనకే గుర్తులేదు! అందరం తమూరా కళ్ళతోనే అడవిలో నడిచాం, తమూరా కడుపుతోనే ఆకలిపడ్డాం. మన కడుపు మాడుతున్నప్పుడు ఎదురుపడిన పిల్ల ఆకలి మనకు పట్టలేదు.

ఆ మంటల సంగతే చూడండి. నవల పేరే మంటలు కదా. దూరాన పొగ కనిపించినప్పుడల్లా సిపాయిలకు గుండె గుభేలుమంటుంది. అది గెరిల్లాల సంకేతమా, లేక రైతులు పంట కోసిన తర్వాత చెత్త తగలబెడుతున్నారా? వాళ్ళకు తేలదు. మా పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఎండాకాలం సాయంత్రం ఎటు చూసినా పొగే. కొయ్యకాళ్ళు కాలుస్తారు, కంప కాలుస్తారు, దుక్కి దున్నేముందు చేను శుభ్రం చేసుకుంటారు. ఆ పొగలో రహస్యం ఏమీ లేదు. ఎవరి చేనో, ఏ పంటో కూడా మా వాళ్ళు దూరంనుంచే చెప్పేస్తారు. పొగ రహస్యంగా కనిపించేది పరాయివాడికి. ఆ దీవి పరాయిది, ఆ అడవి పరాయిది, అందుకే అక్కడ మొక్క కూడా మనిషిని భయపెడుతుంది. ఆ భయాన్నే మనం 'మానవుడి ఒంటరితనం' అని పెద్ద పేరు పెట్టి మెచ్చుకుంటున్నాం.

మా నల్లమల చూడండి. అమ్రాబాదు దాటి లోపలికి పోతే పట్నంవాడికి అడవి, చెంచులకు ఇల్లు. ఎక్కడ గడ్డ తవ్వాలో, ఏ చెట్టుకు తేనె పట్టిందో, ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో అక్కడి ఆడవాళ్ళకు తెలుసు. అడవిలో బతకడం వాళ్ళకు సాహసగాథ కాదు, మధ్యాహ్నం వంట.

జపాను వాళ్ళ అడవి కథలు నవలల్లోనే కాదు, నిజంగానూ ఉన్నాయి. యొకోయి షోయిచి అనే సిపాయి గువామ్ దీవి అడవిలో 28 ఏళ్ళు దాక్కుని, 1972 జనవరిలో అడవికి వచ్చిన ఇద్దరు ఊరివాళ్ళ చేతికి చిక్కాడు. సైన్యంలో చేరకముందు దర్జీ. చెట్ల నారతో తనే గుడ్డ నేసుకుని, కుట్టుకుని తొడుక్కున్నాడు. మా పోచంపల్లి మగ్గాలవాళ్ళు వింటే ముచ్చటపడతారు. నేనూ ముచ్చటపడ్డాను. కానీ ఆ దీవి చమొరో జనాన్ని 1944లో జపాను సైన్యం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి, మనెంగ్గొన్ అనే చోట శిబిరాల్లో కుక్కిన సంగతి ఈ నార బట్టల కథతో పాటు ఎంతమందికి తెలుసు?

తర్వాత ఒనోడా హిరో. 1944 డిసెంబరులో లుబాంగ్ దీవికి వచ్చాడు. యుద్ధం ముగిసిందంటే నమ్మలేదు. 1974 మార్చిలో, పాత అధికారి జపాను నుంచి వచ్చి స్వయంగా ఆజ్ఞ చదివి వినిపించేదాకా తుపాకీ దించలేదు. ప్రపంచమంతా ఆహా అంది. స్వీయకథ వచ్చింది. మొన్న మొన్న, 2021లో, ఒక ఫ్రెంచి దర్శకుడు సినిమా తీశాడు. అదే ఏడాది హెర్జోగ్ అనే జర్మన్ దర్శకుడు నవల రాశాడు. పట్టుదల, విధేయత, కాలం, ఏకాంతం అని ఎన్ని మాటలో! ఆ ముప్పై ఏళ్ళలో అతనూ, అతని తోటివాళ్ళూ కలిసి చంపిన లుబాంగ్ ఊరివాళ్ళు సుమారు 30 మంది. యుద్ధం ఎప్పుడో ముగిసిపోయింది. పొద్దున లేచి పొలానికి పోయినవాళ్ళు శవాలై తిరిగొచ్చారు. అతనికి ఆ దేశాధ్యక్షుడు మార్కోస్ క్షమాపణ ఇచ్చేశాడు. ఆ ఆడవాళ్ళను ఎవరైనా అడిగారా, క్షమించారా అని? మొగుడు పొలంనుంచి రాకపోతే సాయంత్రం గుమ్మంలో నిలబడి చూసిన ఆమెకూ 'కాలం, ఏకాంతం' ఉంటాయి కదా! ఆమె మీద ఏ దర్శకుడికీ మనసు పోలేదేం?

ఇంకొకతను నకమురా తెరువో. పేరు జపానుది, మనిషి తైవాన్ ఆదివాసి, ఆమిస్ తెగవాడు. తైవాన్ అప్పుడు జపాను ఏలుబడిలో ఉండేది. మొరొతాయ్ దీవిలో 1974 డిసెంబరులో దొరికాడు. జపాను పౌరుడు కాడని, పాలకుల దేశపు సిపాయిలకు దొరికిన గౌరవంలో, డబ్బులో అతనికి చాలా తక్కువ దక్కింది. ఇంటికి పోతే, చనిపోయాడనుకున్న భార్యకు మరో పెళ్ళయి ఉంది. 1979లో చనిపోయాడు. నన్నడిగితే నవలంటే ఆ భార్యది. అడవిలో అతను బతకడం ఒక ఎత్తు. యుద్ధంలో మాయమైన మొగుడికోసం కొన్నేళ్ళు చూసి, బతుకు మళ్ళీ కూడదీసుకుని, ఒకరోజు అతను నిజంగా వచ్చేస్తే, ఆ పూట వంట ఎలా చేసి ఉంటుందామె!

"అయితే జపాను సిపాయిల బాధ బాధ కాదంటారా?" అని ఆ రోజు ఒకామె నన్ను అడిగింది. ఎందుకు కాదు? ఫుజివారా అకిరా అని జపాను చరిత్రకారుడు లెక్క కట్టాడు. ఆ యుద్ధంలో చనిపోయిన 23 లక్షల జపాను సైనికుల్లో సుమారు 14 లక్షల మంది ఆకలితో, ఆకలి తెచ్చిన జబ్బులతో పోయినవాళ్ళేనని. శత్రువు చంపలేదు, తిండి పంపకుండా అడవుల్లోకి తోలిన సొంత సేనానులు చంపారు. 1944లో ఇంఫాల్ నుంచి వెనక్కి నడిచిన దారికి ఆ సిపాయిలే 'ఎముకల బాట' అని పేరు పెట్టుకున్నారు. ఆ దండయాత్రలో మన నేతాజీ సైన్యమూ వాళ్ళ పక్కన నడిచింది, ఆ ఆకలి మన పిల్లలూ పడ్డారు. కాబట్టి 'జపాను వైపు' అన్నది మనకు మరీ పరాయి వైపేమీ కాదు.

నేననేది వేరు. రెండు వైపులా విన్నాం, ఇక న్యాయం జరిగిపోయిందనుకుంటున్నామే, అది తప్పంటున్నాను. తెల్లవాడి వైపు విన్నాం. 'బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' 1957లో వచ్చింది, ఈలపాటతో సహా అందరికీ గుర్తే. ఆ సయాం–బర్మా రైలుదారి, 415 కిలోమీటర్లు, 1942, 43ల్లో జపాను సైన్యం అడవిలో వేయించింది. యుద్ధఖైదీలు 60 వేల మంది పనిచేస్తే 12 వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళకు సమాధులున్నాయి, పేర్లున్నాయి, ఏటేటా పూలున్నాయి. అదే దారిలో పనిచేసిన ఆసియా కూలీలు సుమారు 2 లక్షలు. పోయినవాళ్ళు 90 వేల దాకా ఉంటారని అంచనా. అంచనాయే, ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. వాళ్ళలో మలయా తోటలనుంచి తోలుకుపోయిన తమిళులు, వాళ్ళతోపాటు తెలుగువాళ్ళు! సినిమాలో ఆ కూలీలేరీ? తెల్లవాడి కథలోనూ లేరు, జపానువాడి కథలోనూ లేరు.

మన నల్లగొండ సాలెవాళ్ళు బతుకుదెరువుకు బొంబాయి, షోలాపూరు మగ్గాలకు పోయారు. సముద్రం ఒడ్డు జిల్లాలవాళ్ళు రంగం పోయారు. రంగూన్‌ను అలాగే అనేవాళ్ళు. అక్కడి రేవులో మూటలు మోసింది ఎక్కువగా తెలుగువాళ్ళే. కోరంగి రేవు మీద బర్మావాళ్ళు మనవాళ్ళకు పెట్టిన పేరు కొరంగీలు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు పట్టి నడిచారు. ఎంతమంది దారిలో పోయారో ఆ లెక్కా అంచనాయే. సంకలో పిల్లనూ, నెత్తిన మూటనూ పెట్టుకుని అరకాను కొండలెక్కిన తెలుగు తల్లికంటే అడవిలో ఎక్కువ బతికిన సిపాయి ఎవడు? మాలతీ చందూర్ గారు 'పాత కెరటాలు'లో దేశదేశాల నవలలు మనకు పరిచయం చేశారు. ఎన్నిటిని చదివాం, ఎంత మెచ్చుకున్నాం! మన రంగం అడవిదారి మీద ఆ స్థాయి నవల మనం ఎందుకు రాసుకోలేదో ఆలోచిస్తే సిగ్గేస్తుంది. నేనూ నవలలు రాసేదాన్నే, ఈ తిట్టు నాకూ తగులుతుంది.

అంతదూరం ఎందుకు? మా ఇంట్లోనే ఉంది ఈ కథ.

యుద్ధం మా నల్లగొండకు బాంబుగా రాలేదు, లెవీ గింజలుగా వచ్చింది. పండినా పండకపోయినా గింజలు కొలవాల్సిందే. ఆ మంట మీదే 1946లో సాయుధ పోరాటం రగిలింది. 1951 అక్టోబరు దాకా సాగింది. అప్పటి అడవి కథలు మాకు కొదవలేదు. దళాలు ఎలా నడిచాయి, ఎలా దాక్కున్నాయి, ఏం తిన్నాయి, చాలా పుస్తకాలే వచ్చాయి. వాటిలో చాలా చోట్ల ఒక వాక్యం ఉంటుంది: 'ఆ రాత్రి ఒక ఇంట్లో అన్నం పెట్టారు.'

ఆ ఒక ఇల్లు మా అమ్మమ్మ పుట్టిల్లు. సూర్యాపేట తాలూకాలో చిన్న పల్లె. అప్పటికి అమ్మమ్మకు పదమూడేళ్ళు. నా చిన్నప్పుడు బియ్యం ఏరుతూ చెప్పేది:

"రాత్రి పదిమంది దాంక వచ్చిన్రు బిడ్డా, సంగపోళ్ళు. మా అమ్మ ఉన్న జొన్నపిండంత తీసి రొట్టెలు కొట్టింది. ఒక పోరడు, మీసాలు గూడ రాలే వానికి, 'అవ్వా, జర ఉప్పు ఉంటే పెట్టు' అన్నడు. ఉన్నదంత పాత గుడ్డల మూటగట్టి ఇచ్చింది. తెల్లారంగ ఇంకోళ్ళు వచ్చిన్రు తుపాకులు పట్టుకోని. ఏం అడగలే. పొయ్యిల చెయ్యి పెట్టి బూడిద ఎంత ఎచ్చగున్నదో చూసిన్రు. 'ముగ్గురే ఉన్నరు, గింత బూడిదేంది?' అన్నరు. నాలుగు రోజులు మా అమ్మ ఎల్లెలకల పండుకోలే."

"మరి ఉప్పో?" అని అడిగేదాన్ని నేను. పిల్లలకు అలాంటివే పట్టుకుంటాయి.

"మల్ల అంగడి దాంక సప్పిడే తిన్నం."

ఆ పోరాటం న్యాయమైనదని నా నమ్మకం. మా ముత్తవ్వకూ ఆ నమ్మకం ఉండబట్టే ఉప్పు కట్టి ఇచ్చింది. అయినా ఆమె పేరు ఏ పుస్తకంలో ఉంది? పొయ్యి బూడిద చూసి తన్నినవాడి నివేదికలో ఉండదు, రొట్టె తిని అడవికి పోయినవాడి జ్ఞాపకాల్లోనూ లేదు. ఇద్దరి కథల్లోనూ ఆమె 'ఒక ఇల్లు'. ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగి, వాళ్ళ మాటల్లోనే అచ్చువేయడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. అందులో మల్లు స్వరాజ్యం లాంటి ప్రసిద్ధులున్నారు, ఎవరికీ తెలియనివాళ్ళూ ఉన్నారు. అడవిలో కన్న పసిగుడ్డును దళం క్షేమంకోసం పరాయివాళ్ళ చేతిలో పెట్టాల్సి వచ్చిన తల్లి ఉంది. పిల్ల ఏడిస్తే తుపాకులవాళ్ళకు వినబడుతుందని! తమూరా ఎడమచెయ్యి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడిన పెద్దమనిషిని, ఆ తల్లి రెండు చేతుల గురించి రెండు నిమిషాలు మాట్లాడమనండి చూద్దాం.

ఓఓకా గురించి ఇంకో మాట చెప్పి తీరాలి, లేకపోతే అన్యాయం. 'నోబి' రాసిన చాలా ఏళ్ళకు ఆయన మళ్ళీ ఆ దీవికే పోయాడు, ఈసారి కాగితాలమీద. లేతే యుద్ధాన్ని రోజు రోజునా, దళం దళానా తవ్వి తీసి 'లేతే సెన్కి' అనే మహా గ్రంథం రాశాడు. 1971లో పుస్తకంగా వచ్చింది. అంతా రాసి చివరికి ఆయన తేల్చింది ఏమిటంటే, జపాను, అమెరికా పరాయి గడ్డ మీద కొట్టుకుంటే అందరికంటే ఘోరంగా నష్టపోయింది ఫిలిప్పీన్స్ జనమేనని. ఆ యుద్ధంలో పోయిన ఫిలిప్పీన్స్ వాళ్ళు 10 లక్షల దాకా ఉంటారంటారు. అంటే తను కథలో కాల్చి చంపించిన పిల్ల ఆయన్ను ఇరవై ఏళ్ళు నిద్రపోనివ్వలేదన్నమాట. ఇది నా ఊహ. కానీ రాసేదాన్ని కదా, రాసిన పాత్రలు ఎలా వెంటపడతాయో కొంచెం తెలుసు.

ఇంకో సంగతి కూడా మన ఆడవాళ్ళకు చెప్పాలనిపిస్తోంది. 1959లో ఇచికవా కొన్ 'నోబి'ని సినిమా తీశాడు. దానికి స్క్రీన్‌ప్లే రాసింది అతని భార్య వాదా నత్తొ. అంతకుముందు 1956లో వచ్చిన 'బర్మీస్ హార్ప్'కూ ఆమే రాసింది. సినిమాలో తమూరా మనిషి మాంసం తినడు. చివర్లో చేతులెత్తి ఆ చేలమంటల వైపు, ఆ రైతుల వైపు నడుస్తాడు. అక్కడికి పోతే మామూలు మనుషులు కనిపిస్తారని అతని ఆశ.

లెక్చరర్ గారితో నా తగాదా తెగలేదు. "మీరన్నవి చరిత్ర విషయాలమ్మా, మనం సాహిత్యం మాట్లాడుకుంటున్నాం" అన్నారు, చెప్పులేసుకుంటూ. ఆకలిపడ్డ సిపాయి చెబితే సాహిత్యం, తన్నులు తిన్న అవ్వ చెబితే చరిత్ర! ఎవరు గీశారండీ ఈ గీత?

వచ్చే నెల పుస్తకం ఎంచుకునే వంతు నాది. 'మనకు తెలియని మన చరిత్ర' చదువుదామని చెప్పేశాను. నా దగ్గరున్నది ఒక్కటే ప్రతి, అట్ట ఊడిపోయి, మధ్యలో నూనె మరకలతో ఉంది. ఆ తల్లి భాగం మటుకు జిరాక్స్ తీయించి పంచాను. లెక్చరర్ గారి ఇంటికి నేనే స్వయంగా పోయి ఇచ్చొచ్చాను. ఆయన ఇంట్లో లేరు. వాళ్ళావిడ తీసుకున్నారు. గుమ్మంలోనే నిలబడి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టి, నన్ను కూర్చోమనడం కూడా మరచిపోయారు.